టెండరు కాగితం ఎవరి చేతిలో ఉంది?



ఈ రోజు టెండర్లను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. టెండరు అనగానే "అది సిమెంటు, కంకర లెక్క, మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకమ్మా" అని రేడియో కట్టేసి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోకండి. కాస్త ఆగండి. మన నిజాంసాగర్ చుట్టుపట్ల, ఇటు ఎల్లారెడ్డి, అటు కామారెడ్డి దాకా చిన్న గుత్తేదార్ల కుటుంబాలు ఉన్నాయి. కాలువ పూడిక తీయించేవారు, సీసీ రోడ్డు వేయించేవారు, బడికి ప్రహరీ కట్టించేవారు, హాస్టలుకు సరుకులు వేసేవారు. అటువంటి ఇళ్ళలో కొన్నింట సంస్థ ఇల్లాలి పేరుమీద ఉంటుంది. లైసెన్సు ఆమెది, బ్యాంకు ఖాతా ఆమెది, సంతకం ఆమెది. కాని టెండరులో ఏమి రాశారో, ఎవరు రాశారో ఆమెకు తెలియదు. "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెడుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే నోటీసు మాత్రం ఆమె పేరుకే వస్తుంది. మరి ఇది మనకు సంబంధం లేని సంగతి ఎలా అవుతుందండీ?

అందుకని టెండరు కాగితాలు తయారుచేసే మనిషిని గురించి చెబుతాను. పట్నంలో కంపెనీల వాళ్ళు ఆ మనిషిని బిడ్ మేనేజర్ అంటారు. మన దగ్గర "టెండర్లు చూసే అబ్బాయి" అంటాం. పేరు ఏదైనా పని ఒకటే. ఆ పని ఏమిటి, అటువంటి మనిషి దొరకడం ఎందుకు కష్టం, దొరికితే ఎలా ఎంచుకోవాలి, ఇవీ నేటి ముచ్చట్లు.

పని ఎక్కడినుంచి వస్తుంది?

మంజీర మీద మన ఆనకట్టను 1923 లో మొదలుపెట్టి 1931 లో ముగించారు. ఏడవ నిజాం రోజులవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు పెద్ద ఇంజనీరు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలని కట్టారు. కట్టడం ఒక్కసారి చేసే పని. నిలబెట్టుకోవడం ఏటేటా చేసే పని. తూములకు మరమ్మతు, గట్లకు మట్టి, షట్టర్లకు గ్రీజు, కాలువలకు పూడికతీత, ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే. మొదట్లో 29 టి.ఎం.సి.ల పైచిలుకు పట్టిన జలాశయంలో ఒండ్రు చేరి చేరి, ఇప్పుడు పట్టేది 17.8 టి.ఎం.సి.లు. చెరువుల సంగతి చూస్తే, 2015 మార్చి 12 న మిషన్ కాకతీయను మొదలుపెట్టింది మన జిల్లాలోని సదాశివనగర్‌లోనే. అప్పటికి మనది ఇంకా నిజామాబాద్ జిల్లా. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరులో వచ్చింది. రాష్ట్రం మొత్తంమీద 46 వేల పైచిలుకు చెరువులు బాగుచేయాలని ఆనాటి సంకల్పం. ఇంత పని సర్కారు చేతులతో జరగదు కదా. అంచనా వేస్తారు, టెండరు పిలుస్తారు, అర్హత ఉన్నవాళ్ళలో ఎవరు తక్కువకు చేస్తామంటే వాళ్ళకు ఇస్తారు.

వెనుకటి రోజుల్లో టెండరంటే ఒక బాక్సు. ఆఫీసులో షెడ్యూలు కొనుక్కోవాలి, రేటు రాసి సీలు వేసిన కవరు ఆ బాక్సులో వేయాలి. కొందరు గుత్తేదార్లు ముందే కూడబలుక్కుని రింగయ్యేవారు. రింగులో లేనివాణ్ణి బాక్సు దాకా రానిచ్చేవారు కాదు. షెడ్యూలే అమ్మకుండా చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ తగాదా పోవాలనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 లో కంప్యూటరు మీద టెండరు వేసే పద్ధతి, అదే ఈ-ప్రొక్యూర్‌మెంట్, తెచ్చారు. మొదట కొద్ది శాఖలతో మొదలై తరువాత విస్తరించింది. దేశంలో ఈ పద్ధతిని ముందుగా చేపట్టిన రాష్ట్రాలలో మనదీ ఒకటి. ఇంట్లో కూర్చునే టెండరు వేయవచ్చు. ఎవరు వేశారో తెరిచేదాకా ఇంకొకరికి తెలియదు.

బాక్సు పోయింది, బాక్సు ముందు కాపలా పోయింది. మంచిదే. కాని దాని స్థానంలో చదువు పని వచ్చిపడింది. ఆఫీసులో గుమాస్తా అయితే "అయ్యా, ఈ కాగితం మరిచిపోయారు, తెచ్చివ్వండి" అనేవాడు. యంత్రం అనదు. మూడు గంటలకు ముగింపు అంటే మూడు గంటలకే ముగింపు. మూడూ ఒక నిమిషానికి తలుపు మూసుకుంటుంది. రేటు ఎక్కువై పని పోతే అదొక దారి. కాగితం ఒకటి తక్కువై, రేటు కవరు తెరవకుండానే బయటకు నెట్టేస్తే అది గుండెకోత. ఈ గుండెకోత లేకుండా చూడడమే బిడ్ మేనేజరు ఉద్యోగం.

ఆ మనిషి చేసే పని

మొదటి పని చదవడం. టెండరు కాగితం నలభై పేజీలు ఉండవచ్చు, రెండువందల పేజీలు ఉండవచ్చు, అదీ ఇంగ్లీషులో. మొదటి పేజీ చదివి "ఆఁ, మనం ఎప్పుడూ వేసేదే" అనుకోవడం మామూలు. కాని అసలు షరతు ఎక్కడో ముప్పయ్యో పేజీలో ఉంటుంది. గడువు లోపల సవరణ వేయవచ్చు. ఆ సవరణ కూడా చూడాలి. తెలిసిన మనిషి మొదట ఒక జాబితా రాసుకుంటాడు. అడిగింది ఏమిటి, ఏ పేజీలో అడిగారు, మన దగ్గర ఉందా, లేకపోతే ఎవరు తేవాలి, ఎప్పటికి తేవాలి. పెళ్ళికి సరుకుల జాబితా రాసుకుని ఒక్కొక్కటీ వచ్చినకొద్దీ టిక్కు పెట్టుకున్నట్టే. పెళ్ళిలో ఉప్పు మరిచిపోతే పక్కింట్లో అడుగుతాం. టెండరులో ఆ వీలు లేదు.

రెండో పని, ఇది వేయాలా వద్దా అని తేల్చడం. ఇది అన్నిటికన్నా విలువైన పని, ఇంట్లో ఎవరికీ కనిపించని పని. ఒక లెక్క చెబుతాను వినండి. కొంచెం పెద్ద పనుల టెండర్లలో "నీకు ఇంకో పని మోసే శక్తి ఉందా" అని చూస్తారు. దానికొక సూత్రం ఉంది. గడచిన అయిదేళ్ళలో ఏ ఒక్క సంవత్సరంలోనైనా మీరు చేసిన ఎక్కువ పని విలువ తీసుకోవాలి. దాన్ని కొత్త పనికి ఇచ్చిన గడువు ఎన్ని సంవత్సరాలో దానితో గుణించాలి. దాన్ని టెండరులో రాసిన అంకెతో, రెండో మూడో, మళ్ళీ గుణించాలి. అందులోనుంచి ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనుల్లో ఆ గడువులోపల చేయవలసిన భాగం తీసివేయాలి. మిగిలింది మీ శక్తి.

ఒక కుటుంబం ఒక సంవత్సరంలో రెండు కోట్ల పని చేసిందనుకుందాం. కొత్త పని గడువు ఒక సంవత్సరం. టెండరులో అంకె రెండు. అంటే నాలుగు కోట్లు. చేతిలో రెండు కోట్ల డెబ్బై అయిదు లక్షల పనులు ఉన్నాయి. తీసివేస్తే కోటీ పాతిక లక్షలు మిగిలింది. కొత్త టెండరు కోటిన్నరది. అర్హత లేదు. పాత విలువలను నేటి ధరలకు పెంచి చూసే లెక్క ఒకటి ఉంటుంది, అది కలిపినా చాలకపోతే ఇక టెండరు వేయడం దండగ. ఈ లెక్క ఒక పూటలో తేలుతుంది. తేల్చుకోకుండా వేస్తే ఏమవుతుంది? బయానా సొమ్ము, అదే ఇ.ఎం.డి. అంటారు, అది కట్టాలి. ఆ డబ్బుకు నగలు కుదువ పెట్టిన ఇల్లు ఉంటుంది. టెండరు తేలి ఆ సొమ్ము వెనక్కు వచ్చేదాకా వడ్డీ మనదే. "వద్దమ్మా, ఇది మనకు రాదు" అని ముందే చెప్పిన మనిషి ఆ వడ్డీ మిగిల్చాడన్నమాట.

మూడో పని కాగితాలు సిద్ధంగా ఉంచడం. పాన్ కార్డు, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను, గుత్తేదారు తరగతి రిజిస్ట్రేషను, ఆదాయపు పన్ను రిటర్నులు, చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే టర్నోవరు పత్రం, చేసిన పనికి ఇంజనీరుగారు సంతకం చేసిన అనుభవ పత్రం, బ్యాంకు ఇచ్చే పత్రం, యంత్రాల జాబితా. వీటిలో కొన్నిటికి గడువు తేదీ ఉంటుంది. అనుభవ పత్రం కావాలంటే ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరగాలి. టెండరు వచ్చాక తిరగడం మొదలుపెడితే అందదు. పని ముగిసిన నెలలోనే తెచ్చుకుని దాచుకోవాలి. పప్పు, చింతపండు ఎండాకాలంలోనే కొని పెట్టుకునే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

నాలుగోది రేటుకు కావలసిన లెక్కలు తెచ్చిపెట్టడం. ఇసుక ఎంత, దూరం ఎంత, కూలీ ఎంత, డీజిలు ఎంత. రేటు నిర్ణయించేది యజమానే. కాని నిర్ణయానికి ముందు నిజమైన అంకెలు ముందుంచేది ఈ మనిషి. 2003 లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇంజనీరింగు పనుల్లో అంచనా మీద 5 శాతం దాటి ఎక్సెస్ వేస్తే త్రోసివేస్తారు. అంచనాకన్నా 25 శాతం మించి లెస్సుకు వేస్తే, ఆ మించిన తేడాకు అదనంగా డీడీయో బ్యాంకు గ్యారంటీయో ఇవ్వాలి. పోటీలో పడి ముప్పయి శాతం లెస్సు వేసి, పని గెలిచి, ఆ గ్యారంటీ తేలేక బయానా పోగొట్టుకుంటే ఆ గెలుపు ఎవరికి కావాలి?

అయిదోది, అన్నీ ఒక రోజు ముందే కంప్యూటరులోకి ఎక్కించి, రసీదు తీసుకుని దాచడం. ఆఖరు గంటలో కరెంటు పోతుంది, నెట్టు నెమ్మదిస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదు, కాని నష్టం మనదే.

ఒక్క కాగితం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. వారణాసిలో రైల్వేవారి డీజిలు ఇంజన్ల కర్మాగారం పాత ఇనుము అమ్మకానికి టెండరు పిలిచింది. బయానా నగదుగా గాని, స్టేట్ బ్యాంకు డ్రాఫ్టుగా గాని ఇవ్వాలన్నారు. పొద్దార్ స్టీల్ అనే సంస్థ యూనియన్ బ్యాంకు మీద చెక్కు ఇచ్చింది, దానికి ఆ బ్యాంకు పూచీ పడింది. డబ్బు భద్రమే, కాని అడిగిన రూపంలో లేదు. పోటీదారు కోర్టుకెక్కాడు. హైకోర్టులో ఆ సంస్థ ఓడింది. సుప్రీంకోర్టు మాత్రం, టెండరు షరతుల్లో ముఖ్యమైనవి వేరు, అనుబంధమైనవి వేరు, అనుబంధమైనవాటిలో చిన్న లోపాన్ని అధికారి మన్నించవచ్చు అని చెప్పింది. ఆ సంస్థ గెలిచింది. గెలిచింది గాని, ఢిల్లీ దాకా వెళ్ళి గెలిచింది. మన చిన్న గుత్తేదారు ఒక చెరువు పనికోసం ఢిల్లీ వెళ్ళగలడా? డీడీ ఏ బ్యాంకుమీద అడిగారో ముందే చదివిన మనిషి ఉంటే ఆ ప్రయాణమే లేదు.

మనిషి దొరకడం ఎందుకు కష్టం?

ఇంత అవసరమైన మనిషి మరి వీధికొకరు ఎందుకు లేరు? కారణాలు అయిదు కనిపిస్తాయి.

మొదటిది, ఈ పని నేర్పే బడి మన దగ్గర లేదు. ఇంజనీరింగు చదివినవాళ్ళకు పని తెలుసు, కాగితం మీద ఓపిక ఉండదు. బి.కాం. చదివినవాళ్ళకు లెక్క తెలుసు, క్యూబిక్ మీటరు అంటే తెలియదు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాలి, మేస్త్రీతో తెలుగులో మాట్లాడి అంకె రాబట్టాలి, ఆఫీసులో మర్యాదగా పత్రం తెచ్చుకోవాలి. ఇవన్నీ ఒకరిలో ఉండడం అరుదు. బయటి దేశాల్లో దీన్ని ఒక వృత్తిగా గుర్తించారు. 1989 లోనే అమెరికాలో ఈ పనివాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు మెట్టు మెట్టుగా పరీక్షలు పెట్టి పత్రాలు కూడా ఇస్తున్నారు. మన హైదరాబాదు కంప్యూటరు కంపెనీల్లో మన పిల్లలే ఆ దేశాల టెండర్లకు జవాబులు రాస్తున్నారు. అంటే తెలివి మన దగ్గర లేక కాదు. నేర్చిన మనిషి పట్నంలో ఆగిపోతున్నాడు.

రెండోది, పని ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. ఒక నెలలో ఆరు టెండర్లు వస్తాయి, తరువాత మూడు నెలలు ఒక్కటీ ఉండదు. చిన్న గుత్తేదారు నెలజీతం ఇచ్చి మనిషిని కూర్చోబెట్టలేడు. అందుకే ఇంటర్నెట్ సెంటరుకు పోయి, టెండరుకు ఇంత అని ఇచ్చి వేయిస్తాడు. ఎక్కించడం వాళ్ళకు వచ్చు. చదవడం వాళ్ళ పని కాదు, ఆ డబ్బుకు చదవమని అడగడమూ న్యాయం కాదు. ఈ రెండు పనుల తేడా తెలియకనే చాలామంది నష్టపోతున్నారు.

మూడోది గుట్టు. ఒకే ఊళ్ళో ఒకే మనిషి నలుగురు గుత్తేదార్లకు టెండరు వేస్తాడు. నలుగురూ ఒకే పనికి వేస్తే? మీ రేటు ఆయనకు తెలుసు, ఎదుటివాడి రేటూ తెలుసు. మనిషి మంచివాడే కావచ్చు, అయినా అది నిప్పు పక్కన వత్తి పెట్టినట్టు.

నాలుగోది కూలి ఇచ్చే తీరు. దీన్ని జాగ్రత్తగా వినండి. "టెండరు వస్తే ఇంత శాతం ఇస్తాం, రాకపోతే ఏమీ లేదు" అని ఒప్పందం చేసుకునే ఇళ్ళు ఉన్నాయి. పైకి చూస్తే లాభంగా కనబడుతుంది. కాని ఆలోచించండి. ఆ మనిషికి కావలసింది టెండరు గెలవడం. మీకు కావలసింది పని చేసి నాలుగు రూపాయలు మిగలడం. రెండూ ఒకటి కాదు. ఇరవై శాతం లెస్సు వేస్తే గెలుస్తారు, ఆయన శాతం ఆయనకు ముడుతుంది. పని మొదలయ్యాక ఇసుక రేటు పెరిగితే, బిల్లు ఆలస్యమైతే, కూలీలకు వారం వారం ఇవ్వలేక తలదించుకునేది మీరు. ఆ కూలీల్లో ఎక్కువమంది మన ఆడవాళ్ళే. తట్ట మోసిన మనిషి శనివారం నాడు ఖాళీ చేతులతో ఇంటికి పోతుంది. గెలుపుకు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి "వద్దు" అనే మాట ఎన్నటికీ అనడు. అనిపించుకోవాలంటే, గెలిచినా ఓడినా శ్రమకు కూలి ఇవ్వాలి.

అయిదోది, మంచి మనిషిని గుర్తుపట్టడం తెలియకపోవడం. "ఎన్ని టెండర్లు గెలిపించావు?" అని అడుగుతాం. రేటు వేసింది యజమాని, తక్కువ వేస్తే ఎవరైనా గెలుస్తారు. అడగవలసింది "కాగితం తక్కువై ఎన్ని పోయాయి?" అని. "ఏ టెండరు వేయవద్దని చెప్పావు, ఎందుకు?" అని. ఈ రెండో ప్రశ్నకు కళ్ళలో కళ్ళు పెట్టి జవాబు చెప్పగలిగితే ఆ మనిషికి పని తెలుసు.

ఇంకొక చిన్న పరీక్ష కూడా చేయవచ్చు. ఎప్పుడో ముగిసిపోయిన పాత టెండరు కాగితం ఒకటి ఇచ్చి, రేపు పొద్దునకల్లా ఒక పేజీలో మూడు సంగతులు రాసుకురమ్మనండి. ముఖ్యమైన తేదీలు ఏమిటి, ఏ ఏ పత్రాలు కావాలి, మన లాంటివాళ్ళు వేయవచ్చా. రాత అందంగా ఉందా అని చూడకండి. లోపలి పేజీలో దాగిన షరతు పట్టుకున్నారా అని చూడండి. తెలియనిచోట "ఇది నాకు అర్థం కాలేదు, ఆఫీసులో అడగాలి" అని రాసినవారు ఉంటే, వారినే పెట్టుకోండి. తెలియనిది తెలిసినట్టు రాసేవారివల్లే ముప్పు.

తాళంచెవి మన దగ్గరే

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. కంప్యూటరులో టెండరు వేయాలంటే డిజిటల్ సంతకం ఉండాలి. వేలెడంత పరికరం అది, డిజిటల్ కీ అంటారు. దానికొక రహస్య అంకె ఉంటుంది. 2000 సంవత్సరంలో వచ్చిన ఐ.టి. చట్టం ప్రకారం ఆ సంతకం మీ చేతి సంతకంతో సమానం. మీరు అక్కడ లేకపోయినా, మీ కీ పెట్టి అంకె కొడితే మీరు సంతకం చేసినట్టే.

ఇంత విలువైన వస్తువు ఎక్కడ ఉంది? "ఆ అబ్బాయి దగ్గరే ఉంది, మాటిమాటికీ ఎవరు తీసుకుపోతారు" అని జవాబు వస్తుంది. ఇనప్పెట్టె తాళం పక్కింటివాడికి ఇస్తామా? ఎవరో తొందరపడి తప్పుడు అనుభవ పత్రం జతచేస్తే, బయానా జప్తు కావచ్చు, సంస్థను బ్లాక్ లిస్టులో పెట్టవచ్చు, పోలీసు కేసు కావచ్చు. అప్పుడు "నాకు తెలియదు, నేను ఇల్లాలిని" అంటే చట్టం ముందు నిలవడం కష్టం. సంతకం ఎవరిదో వాళ్ళనే మొదట పిలుస్తారు.

అందుకని ఎవరి పేరుమీద లైసెన్సు ఉందో ఆ సోదరి ఈ నాలుగూ పాటించాలి. కీ ఇంట్లోనే, మీ బీరువాలోనే ఉండాలి. రహస్య అంకె మీకు తప్ప ఇంకొకరికి తెలియకూడదు. ఓటీపీ వచ్చే ఫోను నంబరు, ఈ-మెయిలు మీవై ఉండాలి. టెండరు ఎక్కించే రోజు మీరు పక్కన కూర్చుని, జతచేసిన పత్రాల జాబితా ఒక్కొక్కటీ చదివించుకుని, అప్పుడు అంకె కొట్టాలి. మెట్రిక్ చదువు చాలండీ దీనికి. కిరాణా చీటీ సరిచూసుకున్నంత పని. టెండర్లు చూసే మనిషి నిజాయితీపరుడైతే దీనికి కోపం తెచ్చుకోడు. తన మీద నింద రాకుండా ఇది తనకూ రక్షణ అని సంతోషిస్తాడు.

ఈ పని మన పిల్లలు చేయలేరా?

ఇంతసేపూ "ఆ అబ్బాయి" అన్నాను. అమ్మాయి ఎందుకు కాకూడదు? ఎల్లారెడ్డిలో, కామారెడ్డిలో డిగ్రీ చదివి, పెళ్ళయి ఇంట్లో ఉన్న కోడళ్ళు ఎందరో ఉన్నారు. ఈ పనికి కావలసింది ఓపిక, జాబితా, తేదీ మరిచిపోకపోవడం, డబ్బు లెక్కలో నిక్కచ్చితనం, గుట్టు. ఏ ఇల్లు చూసినా ఇవి ఎవరి దగ్గర ఉన్నాయో మీకే తెలుసు. మొదట ఆరు నెలలు పాత టెండర్లు చదివి, తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. గడువు ముందు రెండు రోజులు ఇంటిపనికి ఇంట్లోవాళ్ళు చేయి వేయాలి. అత్తగారు, ఇంటాయన ఈ మాట వింటూ ఉంటే గుర్తుపెట్టుకోండి.

మహిళా సంఘాలకు కూడా ఈ మనిషి కావాలి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు సరుకులు కొనడానికి జెమ్ అనే అంగడి కంప్యూటరు మీద 2016 లో వచ్చింది. అందులో మహిళల సంస్థలకు, సంఘాలకు వుమానియా పేరిట 2019 లో ప్రత్యేకమైన చోటు ఇచ్చారు. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని, అందులో మహిళలవి 3 శాతం ఉండాలని 2018 లో సవరించారు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న చిన్న సంస్థలకు ఆ కొనుగోళ్ళలో బయానా మినహాయింపు కూడా ఉంది. అయితే ఒక మెలిక. ఇది సరుకులకు, సేవలకే; కట్టడం పనులకు వర్తించదు. రాష్ట్ర ప్రభుత్వపు టెండర్లకు రాష్ట్రపు నిబంధనలే చూసుకోవాలి. ఇదిగో, ఇటువంటి మెలికలు చదివి చెప్పడానికే మనిషి కావాలి.

ఒక్క సంఘం ఒక మనిషిని పోషించలేదు. కాని మండల సమాఖ్యలో ఎన్ని సంఘాలు ఉన్నాయి! అందరూ కలిసి ఒక చదువుకున్న అమ్మాయిని నెలజీతానికి పెట్టుకుంటే, ఏ టెండరులో మనకు వీలుందో వెదికి చెబుతుంది, పత్రాలు సిద్ధం చేస్తుంది, వేయకూడనిదాన్ని వద్దంటుంది. సంఘాలు ఒకే టెండరులో ఒకదానితో ఒకటి పోటీపడకుండా ముందే మాట్లాడుకుని ఒకే పేరుతో వెళ్ళవచ్చు. పోటీపడుతున్నట్టు నటించి లోపల రేట్లు కలుపుకోవడం మాత్రం పాత రింగే అవుతుంది, అది నేరం. చిన్న గుత్తేదార్లు కూడా ముగ్గురు నలుగురు కలిసి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. కాని ఒకే పనికి ఇద్దరు వేసే పరిస్థితి వస్తే ఆ మనిషి ఎవరి కాగితం చూడాలో ముందుగానే రాసుకోవాలి.

సోదరీమణులారా, ఈ రోజు సాయంత్రం ఒక పని చేయండి. మీ ఇంట్లో సంస్థ మీ పేరుమీద ఉంటే, డిజిటల్ కీ ఎక్కడుందో అడగండి. కిందటి టెండరులో ఏ పత్రాలు జతచేశారో ఒకసారి చూపించమనండి. టెండర్లు చూసే మనిషికి జీతం ఇస్తున్నారా, గెలుపు మీద శాతం ఇస్తున్నారా తెలుసుకోండి. ఇంట్లో కొంచెం విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి. సంతకం మనది అయినప్పుడు అడిగే హక్కు కూడా మనదే.